తోకకాడి మనిషి

బండి నడిపేది నయీముద్దీన్.
నేను నడిపేది బండి ఎనుక సగం.
మా ఇద్దరి నడుమ అరవై రెండు మీటర్ల తెల్లటి రెక్క.
ఒర్రినా ఇనవడది, వాకీటాకీలనే మా దోస్తానా.
ఆయన కుడికి తిప్పితె నేను ఎడమకు తిప్పాలె.
ఈ ముచ్చట ఇంట్ల చెప్తే
"మనకు కొత్తనా" అని నవ్వింది మా ఆమె.

పాశమైలారం గేటు దాటేసరికి రాత్రి పదకొండున్నర.
పగటిపూట మాకు రోడ్డు లేదు.
రెక్క మొదట్ల గుండ్రటి నోరు,
నా భుజాల మీద ఒక పిలగాన్ని నిలవెట్టినా మునుగుతడు.
గోరింకలు దూరకుండ టార్పాలిన్ కప్పినం.
కొసకొచ్చేసరికి చేప తోకంత పలచన.
ఆ కొసకు ఎర్రగుడ్డ, మినుకు లైటు,
దాని కింద నేను.

మొన్ననే మృగశిర.
ముషీరాబాద్‌ల కొన్న కొర్రమీను వాసన
చేతులకెల్లి ఇంక పోలే.
పడమటి గాలి లేస్తుంది.
ఆ గాలి కోసమే ఈ రెక్కను చేసిండ్రు,
అయినా గుట్ట ఎక్కేదాక గాలికి చూపియ్యొద్దు,
పందెపు పుంజును గంప కింద కమ్మినట్టు.

మైథిలి మేడం చేతిల గాలిమీటరు.
"పది దాటితె చెప్తా, పన్నెండైతె నన్నడగకుండ ఆపుండ్రి."
ఆమె సదివింది గాలి గురించేనట.
నేను సదువుకోలే గని
తోక వణుకుడు నాకు సీటు కిందికెల్లి తెలుస్తది.

ముత్తంగి కాడ రింగురోడ్డెక్కే దారి తవ్విపెట్టిండ్రు.
సర్వీసు రోడ్డుకు మళ్లినం.
మూలమలుపు. ఒక దిక్కు పంక్చర్ షాపు,
ఇంకో దిక్కు రేకుల ఇల్లు,
ఇంటి గోడకెల్లి స్తంభం దాక బట్టల తీగ.
లైన్‌మన్ పెంటయ్య కరెంటు తీగను కట్టెతోని లేపిండు,
కేబుల్ తీగను లేపిండు.
బట్టల తీగ ఎవల డిపార్ట్‌మెంటు?

నయీం ఇంచు ఇంచు తిప్పుతుండు,
నా తోక ఆ ఇంటి మీదికి జరుగుతుంది.
"ఆపు" అన్న.
తలుపు తీసి ఒకామె వచ్చింది,
చేతిల ఫోన్ లైటు, కంట్ల నిద్ర.
తిడతదనే అనుకున్న.
లైటు కొస మీద పెట్టి మొదటి దాక చూడబోయింది,
మొదలు అందలే.
"విమానందా?"
"కాదమ్మా, గాలిమరది."
ఇంకేం అడగలే.
స్టూలు తెచ్చుకొని తీగ కొస ఇప్పింది.
తడి లంగాలు, తువ్వాల, ఒక బడి చొక్కా
అన్నీ తీగతోనే రొమ్ముకు కుప్పేసుకొని
గోడకు అతుక్కొని నిలవడ్డది.

ఆమె నెత్తి మీదికెల్లి జానెడు ఎడంతోని
పోయింది మా సామాను.
నాలుగు నిమిషాలు.
బట్టల నీళ్లు ఆమె పాదాల మీద కారుడు
అంత ఇంజన్ మోతల నాకు ఇనవడ్డది.
"అయిందా?"
"అయిందమ్మా."
పేరడగాల్సింది. అప్పటికే పంక్చర్ షాపు దాటినం.

శంషాబాద్ ఇవతల మీటరు పదకొండు.
ఇంక పోవద్దన్నది మేడం, తొండుపల్లి యార్డుల దించినం.
దించుడంటే పడేసుడు కాదు.
గుర్తు పెట్టిన కాడనే దిమ్మె రావాలె,
అటు ఇటు అయితె లోపలి పొర చిట్లుతది,
ఇప్పుడు కనవడది,
రెండేండ్లకు, అంత ఎత్తుల, తిరుగుతుండంగ కనవడతది.
పలచటి అంచు మీద బరువు పడొద్దు.
గాలికి మొదలు చూపియ్యాలె, పక్క చూపియ్యొద్దు.
మెత్తలు, పట్టీలు, ఇసుక బస్తాలు.
కొసకున్న చిన్న బెజ్జం మూయొద్దు,
లోపటి నీళ్లు పోయే తొవ్వ అది.

మూడింటికి ఒక పట్టీ మోగుడు షురూ చేసింది,
సన్నగ, చెవికాడి దోమ లెక్క.
లేచి రెండు మెలికలు తిప్పిన. ఊకున్నది.

మేడం ఫారం నింపుతుంది.
నష్టం: లేదు. ఆటంకం: లేదు.
"బట్టల తీగ రాయుండ్రి" అన్న.
"దానికి గడి లేదు" అన్నది.
జెరసేపాగి
పక్క అంచుల పెన్సిల్‌తోని రాసింది.

మీటరు పన్నెండు దాటింది.
ఈపాటికి ఆ చొక్కా ఎండి ఉంటది.